ప్లాట్‌ఫామ్ టికెట్



మాకు రెమింగ్టన్ మిషన్ల మీద టైపు నేర్పిన మాస్టారి పేర ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక్కటే చెప్పారు: ఆయన్ని పొగిడి దిగిపోవద్దు, ఆయన చేసిన పనికి దగ్గరగా ఉండే విషయం ఏదైనా మాట్లాడండి. ఆయన పని అంటే ఏది? మనలో చాలామందికి ఆయన టైపు లోయరు, హయ్యరు పరీక్షలు పాస్ చేయించిన గురువు. నాకు గుర్తున్న మాస్టారు మాత్రం ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలో ఉంటారు. అక్కడ జాబ్ వర్కు నడిచేది. కోర్టు అఫిడవిట్లు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, సహకార సంఘాల వార్షిక నివేదికలు వచ్చేవి. హయ్యరు పాసై ఉద్యోగం రాక తిరుగుతున్న మాబోటి వాళ్లకు వాటిని పంచేవారు. పేజీకి రెండు రూపాయలు వస్తే అర్ధరూపాయి ఆయనది, రూపాయిన్నర మాది. నూటికి పాతిక. తక్కువేమీ కాదు. అడిగితే మిషను నాది, రిబ్బను నాది, పార్టీతో మాటలు పడేది నేను అనేవారు.

అయితే పార్టీ డబ్బు ఎగ్గొట్టినప్పుడు కూడా మా రూపాయిన్నర మాకు అందేది. నష్టం ఆయన ఖాతాలోకి వెళ్లేది. ఇంకొకటి, ముందు గదిలో గోడకు ఒక చెక్కబోర్డు ఉండేది. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లోంచి, దినపత్రికల్లోంచి ఉద్యోగ ప్రకటనలు కత్తిరించి దానికి గుండుసూదులతో గుచ్చేవారు. ఎదురు వీధి ఇన్‌స్టిట్యూట్ పిల్లలు కూడా వచ్చి రాసుకుపోయేవారు. చూసినవాడి దగ్గర పావలా తీసుకుందాం, కరెంటు బిల్లుకైనా వస్తుంది అని మాలో ఒకడు సలహా ఇచ్చాడు. మాస్టారు ఒప్పుకోలేదు. ఎందుకొద్దో చెప్పనూ లేదు. నూటికి పాతిక నిస్సంకోచంగా తీసుకునే మనిషికి పావలా దగ్గర ఏం అడ్డొచ్చిందో అప్పట్లో నాకు అర్థం కాలేదు. ఈ ఉపన్యాసం ఆ పావలా గురించే.

కాలేజీ నుంచి రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నేను అనువాదాలు మొదలుపెట్టాను. మా తమ్ముడి కూతురు ఇంట్లోంచే బయటిదేశాల వాళ్లకు డిజైన్లు చేసిపెడుతుంది. తనే ఒక ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లో నాకు ప్రొఫైల్ తెరిచి ఇచ్చింది. దాని పేరు అనవసరం.

"పెదనాన్నా, పని అడగాలంటే ముందు క్రెడిట్లు కొనాలి" అంది.

"ఎవరు కొనాలి?"

"మనమే. పోస్టు పెట్టేవాళ్లకు ఫ్రీ."

మొదటి రెండు నెలల్లో 34 దరఖాస్తులు పంపాను. అవతలివాళ్లు తెరిచినవి 11. జవాబులు 3. అందులో ఒకడు వేరే యాప్‌లోకి వచ్చి మాట్లాడమని, సెక్యూరిటీ డిపాజిట్ కట్టమని అడిగిన మోసగాడు. చివరికి ఒక పని దొరికింది: మందుల ప్రయోగంలో పాల్గొనే రోగులు సంతకం పెట్టే అంగీకార పత్రాన్ని తెలుగు చెయ్యడం. దాని మీద 3,400 రూపాయలు వచ్చాయి. అడగడానికి అయిన ఖర్చు 4,300. నాకు పెన్షన్ ఉంది కాబట్టి ఇది నలుగురిలో నవ్వుతూ చెప్పుకునే కథ. మా అమ్మాయికి, అదే ఆ తమ్ముడి కూతురికి, నవ్వు రాలేదు. తను ప్రతి నెలా ఇంటద్దె, నెట్ బిల్లు రాసుకునే పుస్తకంలోనే "అడిగిన ఖర్చు" అని ఇంకో వరస గీసుకుంది.

రైల్వే స్టేషన్లో 10 రూపాయలు పెట్టి ప్లాట్‌ఫామ్ టికెట్ కొంటే రెండు గంటలు నిలబడొచ్చు. రైలెక్కే హక్కు రాదు. ఈ వ్యాపారానికి ఆ పేరు పెట్టినవాళ్లకు మన రైల్వే సంగతి తెలిసి ఉండదు గానీ, పేరు మాత్రం అతికినట్టు కుదిరింది.

ఈ ఖర్చు ఒక్కరోజులో పెరిగింది కాదు. అన్నిటికన్నా పెద్దదైన అప్‌వర్క్‌నే తీసుకుందాం, దాని లెక్కలు బహిరంగంగా ఉన్నాయి కాబట్టి. ఈలాన్స్, ఓడెస్క్ అనే రెండు సంస్థలు కలిసిపోయి 2015లో ఆ పేరు పెట్టుకున్నాయి. ఓడెస్క్ కాలంలో పని దొరికితే నూటికి పది తీసుకునేవారు. 2016లో మెట్ల పద్ధతి వచ్చింది. ఒక్కో క్లయింట్ దగ్గర మొదటి 500 డాలర్ల మీద 20 శాతం, అక్కణ్నుంచి 10,000 దాకా 10 శాతం, ఆపైన 5 శాతం. పాత క్లయింట్‌ను నిలబెట్టుకున్నవాడికి లాభం, కొత్తగా దిగినవాడికి దెబ్బ. 2023లో మళ్లీ అందరికీ 10 అన్నారు. 2025 మే నుంచి పనిని బట్టి సున్నా నుంచి 15 శాతం దాకా మారుతుందన్నారు. ఇజ్రాయెల్‌లో 2010లో మొదలైన ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది. ఆస్ట్రేలియా వాళ్ల ఫ్రీలాన్సర్ డాట్ కామ్ 10 శాతమే తీసుకుంటుంది గానీ, డబ్బు చేతికందినప్పుడు కాక పనికి మీరు సరేనన్నప్పుడే కోస్తుంది.

ఇదంతా కమీషన్. దీని మీద నాకు పెద్ద పేచీ లేదు. మాస్టారి పాతికతో పోలిస్తే ఇరవై ఎక్కువేం కాదు. తెనాలిలో కూర్చున్న పిల్లకు ఒహాయోలో ఉన్న దుకాణదారుణ్ని చూపించి, అతని డబ్బు ముందే తన దగ్గర పెట్టించుకుని, పని పూర్తయ్యాక ఆ పిల్లకు అందించడం చిన్న సేవ కాదు. నా వయసువాళ్ల కాలంలో అలాంటి పనికోసం ఏ కన్సల్టెన్సీ వాడి వెంటో పడాల్సి వచ్చేది, వాడు మింగేది ఇంకా ఎక్కువ.

నా పేచీ కమీషన్ పక్కన పెరుగుతున్న రెండో పద్దుతో. 2019కి ముందు అప్‌వర్క్‌లో ఉచిత సభ్యుడికి నెలకు 60 కనెక్ట్‌లు ఇచ్చేవారు. కనెక్ట్ అంటే దరఖాస్తుకు పెట్టే స్టాంపు లాంటిది. మామూలుగా ఒక దరఖాస్తుకు రెండు సరిపోయేవి కాబట్టి నెలకు ముప్పై చోట్ల ఊరికే అడగొచ్చు. 2019లో వాటికి వెల కట్టారు. ఒక్కోటి 15 సెంట్లు, దరఖాస్తుకు ఒకటి నుంచి ఆరు దాకా. తర్వాతి ఏళ్లలో కొన్ని పనులకు పదహారు దాకా వెళ్లింది. స్టాంపు ధర పెరగలేదు, అంటించాల్సిన స్టాంపులు పెరిగాయి. పైగా బూస్ట్ అని ఒకటి వచ్చింది. ఇంకొన్ని కనెక్ట్‌లు పందెం కాస్తే మీ దరఖాస్తు జాబితాలో పైన కనిపిస్తుంది. అందరూ కాస్తే మళ్లీ అందరూ ఎక్కడివాళ్లు అక్కడే.

పదహారు కనెక్ట్‌లంటే 2 డాలర్ల 40 సెంట్లు. డాలరు 85 రూపాయల లెక్కన 204 రూపాయలు. అలాంటివి నెలకు ఇరవై పంపితే 4,080. దాని మీద 18 శాతం జీఎస్టీ పడితే 4,814. షికాగోలో ఉన్నవాడికీ ఇదే ధర, మనవాళ్లకూ ఇదే ధర. ఒక్క దరఖాస్తు వాడికి రెండు కాఫీల కన్నా తక్కువ, ఇక్కడ నెల ఖర్చుతో ఒక డిగ్రీ కుర్రాడు నెల బస్ పాసు ఎన్నిసార్లు కొనుక్కోవచ్చో మీరే లెక్కేసుకోండి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో డిజిటల్ ప్లాట్‌ఫామ్‌ల మీద పెద్ద నివేదిక వేసింది. 2019లో అప్‌వర్క్ రాబడిలో నూటికి 62 వంతులు పనిచేసేవాళ్ల దగ్గర వసూలు చేసిన రకరకాల రుసుముల నుంచి వచ్చిందని, 38 వంతులు పని ఇచ్చేవాళ్ల నుంచి వచ్చిందని అందులో ఉంది. ఆ ఏడాది ఆ ప్లాట్‌ఫామ్ మీద సుమారు 210 కోట్ల డాలర్ల పని జరిగితే సంస్థకు వచ్చింది 30 కోట్లు. 2024లో 400 కోట్ల పని జరిగితే వచ్చింది దాదాపు 77 కోట్లు. వందకు పద్నాలుగు ఉన్నది పందొమ్మిదయింది. పని రెండింతలు కాలేదు గానీ రాబడి రెండున్నర రెట్లయింది. వాటాదారులతో మాట్లాడేటప్పుడు కనెక్ట్‌లను, బూస్ట్‌లను వాళ్లు ప్రకటనల రాబడి పక్కన చేర్చి చెబుతారు. పని అడగడం వాళ్ల పద్దుపుస్తకంలో ప్రకటన వేయించుకోవడంగా మారిపోయింది.

అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. అడగడం ఊరికే అయినప్పుడు ఒక పోస్టుకు వందల దరఖాస్తులు పడేవి, సగం మంది పోస్టు చదివేవారే కాదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక దరఖాస్తు రాయడానికి నిమిషం కూడా పట్టడం లేదు. వరదకు ఎక్కడో ఒక చోట కట్ట వెయ్యాలి కదా అంటారు. ఒప్పుకుంటాను. కట్ట వెయ్యడానికి దారులు చాలా ఉన్నాయి: నెలకు ఇన్నే దరఖాస్తులని లెక్క పెట్టొచ్చు, చిన్న పరీక్ష పెట్టొచ్చు, ఒక పోస్టుకు ముప్పై రాగానే తలుపు మూసెయ్యొచ్చు. వీటిలో ఏదీ సంస్థకు డబ్బు తెచ్చిపెట్టదు. వరదను ఆపే గేటు దగ్గర టోలు వసూలయ్యే పక్షంలో, గేటు కాపలావాడు వరద తగ్గాలని ఎందుకు కోరుకుంటాడు?

మాస్టారి పావలా నాకు ఇక్కడ అర్థమైంది. అర్ధరూపాయి కోసం ఆయన మాకు పని తేవాలి. పని రాకపోతే మాకూ లేదు, ఆయనకూ లేదు. పావలా అలా కాదు. ఎంతమంది ఎన్నిసార్లు ఉత్త చేతులతో వెనక్కి వెళితే అన్ని పావలాలు. ఆ బోర్డు మీద పాత ప్రకటనలు చింపకుండా ఉంచినా లాభమే. పెళ్లిళ్ల పేరయ్య సంబంధం కుదిరాకే కట్నాల్లో తన వాటా అడిగేవాడు కాబట్టి చెప్పులరిగేలా తిరిగాడు. నెల చందా ముందే కట్టించుకునే పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లకు మన పిల్లల పెళ్లి ఎప్పుడైతేనేం?

పని అడిగేవాడి దగ్గర డబ్బు గుంజడానికి చరిత్ర ఉంది. అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ అనే ఊరుంది. నూరేళ్ల కిందట అడవుల్లో కలప కొట్టడానికి, రైలు పట్టాలు వెయ్యడానికి, కోతలకు వెళ్లే కూలీలు అక్కడ ఏజెంట్ల దగ్గర పని కొనుక్కునేవారు. డాలరు కట్టి చీటీ తీసుకుని వెళితే, కొన్నిచోట్ల ఆ పనే ఉండేది కాదు. ఉన్నచోట నాలుగు రోజుల్లో ఫోర్‌మన్ తీసేసేవాడు. కొత్తవాడు వస్తే కొత్త డాలరు, అందులో ఫోర్‌మన్‌కు వాటా. పనికి వెళ్లేవాడొకడు, పనిలో ఉన్నవాడొకడు, పని పోయి తిరిగొచ్చేవాడొకడు అన్నట్టు గిలకలా తిరిగేదని ఆనాటి కార్మికులు వెక్కిరించేవారు. 1909లో ఈ ఏజెంట్లకు వ్యతిరేకంగా వీధుల్లో ఉపన్యాసాలిచ్చినవాళ్లతో స్పోకేన్ జైలు నిండిపోయింది. 1914లో ఆ రాష్ట్ర ఓటర్లు, పని ఇప్పిస్తామని పనివాడి దగ్గర రుసుము తీసుకోకూడదని ఓటు వేసి చట్టం చేశారు. 1917లో ఆడమ్స్ వర్సెస్ టానర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురి తేడాతో దాన్ని కొట్టేసింది. జస్టిస్ బ్రాండైస్ రాసిన అసమ్మతి తీర్పు మాత్రం చదవదగ్గది. ఏజెంట్ల ఆగడాలను ఆయన వరస పెట్టి నమోదు చేశారు.

మన సంగతి వేరే దారిలో నడిచింది. విశాఖ, కాకినాడ తీరాల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలను మేస్త్రీలే తీసుకెళ్లారు, రోజుకూలిలో వాటా కోసుకున్నారు. మిల్లుల్లో జాబర్లు పనిలో పెట్టుకోవడానికి మామూళ్లు గుంజుతున్నారని 1931లో, కార్మికుల స్థితిపై వేసిన విట్లీ కమిషన్ రాసింది. పాలమూరు లేబరు గురించి మీకు చెప్పక్కర్లేదు. దేశంలో ఏ ఆనకట్ట పునాది తవ్వినా పాలమూరు కూలీల చెయ్యి ఉందంటారు. అక్కడ మేస్త్రీ కూలీకి ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. ఆ అప్పుతో ఏడాదికి కట్టేస్తాడు. ఘోరమైన పద్ధతి, దాన్ని ఎవరూ సమర్థించరు. నేను చూపదలచింది ఒక్కటే. అంత కర్కశమైన మేస్త్రీ కూడా పనివాణ్ని పనిలోకి దించడానికి తన డబ్బు ముందు పెట్టాడు. వాడు పనిలోకి రాకపోతే మేస్త్రీ మునుగుతాడు. ఇప్పుడు అడ్వాన్సు కూలీయే ఇస్తున్నాడు. పని దొరకకపోతే మేస్త్రీకి పోయేది సున్నా.

చట్టం ఏమంటుంది? పనివాడి దగ్గర రుసుము తీసుకునే ఏజెన్సీలను ఎత్తెయ్యాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో 1933లోనే ఒడంబడిక రాసింది. అదే సంస్థ 1997 నాటి 181వ ఒడంబడిక ఏడో అధికరణం, కొన్ని మినహాయింపులతో, ప్రైవేటు ఏజెన్సీలు పనివాళ్ల దగ్గర నేరుగాగానీ చాటుగాగానీ, మొత్తంగానీ కొంతగానీ ఏ రుసుమూ తీసుకోకూడదంటుంది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. అయినా గల్ఫ్ వెళ్లేవాళ్ల విషయంలో ఒక గీత గీశాం. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు. జగిత్యాలలోనో నిజామాబాద్‌లోనో ఆ గీత ఎన్నిసార్లు చెరిగిపోయిందో వీసా డబ్బుల కోసం పొలం అమ్ముకున్నవాళ్లను అడగండి. చెరిగినా గీతంటూ ఉంది కాబట్టి, దాటినవాడిని దొంగ అనగలం. అమీర్‌పేటలో బ్యాక్‌డోర్ ఉద్యోగం అమ్మేవాడి మీదా కేసు పెట్టగలం. ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని కెనడాకు పనిచేసే పిల్ల విషయంలో అసలు గీతే లేదు. ఆమె ఉద్యోగి కాదు, సొంత వ్యాపారం చేసుకుంటోంది, మేం ఏజెంట్లం కాము, బజారు నడుపుతున్నాం అంటారు ప్లాట్‌ఫామ్‌ల వాళ్లు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి గిగ్ వర్కర్లకు మొదటిసారి నిర్వచనం ఇచ్చింది. అగ్రిగేటర్లు ఏడాది టర్నోవర్‌లో ఒకటి రెండు శాతం నిధికి కట్టాలంది. మంచిదే. దాన్ని చదివేటప్పుడు కళ్ల ముందు మెదిలేది బైకు మీద అన్నం డబ్బా పట్టుకుపోయే కుర్రాడు. పని అడగడానికి ఎంత వసూలు చెయ్యొచ్చన్న మాట అందులో లేదు. డెలివరీ కుర్రాడి కష్టం సిగ్నల్ దగ్గర అందరికీ కనబడుతుంది. మా అమ్మాయి కష్టం తలుపు వెనక ఉంటుంది, పక్కింటివాళ్లు కూడా ఆమెను ఖాళీగా ఉందనే అనుకుంటారు. ఈ ఆన్‌లైన్ పనుల్లో లోకం మొత్తం మీద ఎక్కువమందిని ఇస్తున్న దేశం మనదేనని ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ సూచీ చెబుతోంది. సంఖ్యలో మొదటివాళ్లం, బేరంలో నోరులేనివాళ్లం. 2025 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సదస్సు ప్లాట్‌ఫామ్ పనికి ప్రత్యేక ఒడంబడిక ఉండాలని నిర్ణయించింది. ఆ బల్ల దగ్గర మన ప్రతినిధులు అడగాల్సింది చాలా చిన్న కోరిక: తెరిచి చూడని దరఖాస్తు డబ్బు వెనక్కివ్వాలి. తెరిచారో లేదో సంస్థకు తెలుసు, నాకు చూపించిన లెక్కలోనే అది ఉంది. ఎవరినీ తీసుకోకుండా మూసేసిన పోస్టు మీద వసూలైందీ వెనక్కివ్వాలి. పోస్టు పెట్టేవాళ్లు కూడా కొంత ధరావతు కట్టాలి, పని అప్పగించగానే అది కూలిలో జమ కావాలి. అప్పుడు ఊరికే ధరలు కనుక్కోవడానికి పోస్టు పెట్టేవాళ్లు సగానికి సగం తగ్గుతారని నా అంచనా. నా అంచనాయే, లెక్క అని పొరబడకండి.

ఈలోగా మా అమ్మాయి తన దారి తను చూసుకుంది. ప్లాట్‌ఫామ్‌లో దొరికిన ఇద్దరు క్లయింట్లను జాగ్రత్తగా నిలబెట్టుకుంది, కొత్తవాటికి నెలకు ఆరు మించి దరఖాస్తులు పెట్టదు. పోస్టు పెట్టినవాడు ఇంతకుముందు ఎంతమందికి పని ఇచ్చాడో చూడకుండా రూపాయి తియ్యదు. మిగతా రోజుల్లో గుంటూరులో ఒక మిర్చి ఎగుమతిదారుకు సంచుల మీద లేబుళ్లు గీసిపెడుతోంది. ఆ పని ఆమెకు దొరికింది చెట్టుకింద టీ బండి దగ్గర.

చివరగా ఇంటి విషయం ఒకటి. మాస్టారి పేర ఒక నిధి ఉంది. దాని మీద ఏటా వచ్చే వడ్డీని ఏం చెయ్యాలన్నది నిధి కమిటీలో చర్చకు వచ్చింది. కొత్తగా ఈ పనుల్లోకి దిగే పదిమంది పిల్లలకు మొదటి ఆరు నెలలు దరఖాస్తు ఖర్చు మనం పెట్టుకుందామని ఒకరన్నారు. మంచి మనసుతో అన్న మాట. నేను వద్దన్నాను. మాస్టారి డబ్బు తిన్నగా ఆ గేటు దగ్గరికే పోతుందన్నాను. మరి ఈ ఆరు నెలలు ఆ పిల్లలు ఏం చెయ్యాలి అని మాస్టారి అబ్బాయి అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఒక గది, నాలుగు కంప్యూటర్లు, ఒక చెక్కబోర్డు పెట్టి, ఊళ్లో పని ఉన్నవాళ్లందరినీ అక్కడ చీటీ గుచ్చమందామా అన్నారాయన. అద్దె ఎంతవుతుందో కనుక్కుంటున్నాం. భోజనాలయ్యాక వెనక హాల్లో మళ్లీ కూర్చుంటాం, వీలున్నవాళ్లు ఉండండి.